దొనకొండ స్టేషనులో మూడు గంటలు

గుంటూరునుంచి వచ్చే బండి వినుకొండ దాటిందంటే నేల రంగే మారిపోతుంది. మాగాణి వెనకబడి కంది చేలూ, బీళ్లూ, తుమ్మచెట్లూ ఎదురొస్తాయి. దొనకొండ ఊరు చిన్నదే గాని, స్టేషనుకు పెద్దరికం ఉంది. పొగబండ్ల రోజుల్లో ఇంజన్ల షెడ్డు ఇక్కడే ఉండేది. ఊరి దాపున తెల్లదొరల కాలంనాటి విమానాల మైదానం కూడా ఉంది.

పని ముగించుకు వచ్చేసరికి తిరుగు బండికి ఇంకా మూడు గంటలుంది. చెట్టునీడన బల్లమీద చేరగిలబడ్డాను. కాసేపటికి ఒక ముసలమ్మ ఈతబుట్టల మోపు దించి పక్కనే చతికిలబడింది. బల్లమీది పెద్దమనిషి నావైపు వంగి, "ఎరుకలమ్మి. పెట్టె జాగ్రత్తండీ" అన్నాడు. నా చెయ్యి దానంతటదే పెట్టెమీదికి పోయింది.

ఆవిడ చూసింది. కోపగించుకోలేదు. అలవాటైపోయిన ఆ చూపే నన్ను గుచ్చింది.

"ఏ ఊరవ్వా?" అన్నాను, ఏదో ఒకటి అనాలి గనుక.

"ఏ ఊరని చెప్పేది నాయనా! మా పెద్దోళ్లు సముద్రం కాణ్ణించి గాడిదల మీద ఉప్పు తోలుకొచ్చి ఈ ఊళ్లల్లో గింజలకు మార్చేవోళ్లంట. రైలొచ్చినాక ఆ గాడిదలు ఎవురికి కావాల?"

ఇది పుక్కిటి పురాణం కాదు. పందొమ్మిదో శతాబ్దం చివర వచ్చిన రైలు ఎరుకలవారి ఉప్పు బేరాన్ని మింగింది. అడవి చట్టాలు వెదురుకూ ఆకుకూ అడ్డం వచ్చాయి. బతుకుతెరువు పోయి తిరుగుతున్న వాళ్లను సర్కారు దొంగలంది. ఉత్తరాదిన 1871లో పుట్టిన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికి వచ్చింది. వేలిముద్రలు, హాజరుపట్టీ, ఊరు కదలాలంటే చీటీ! బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా వెలసిన సెటిల్మెంటే. అక్కడ పుట్టిన పసిగుడ్డు కూడా లోకం కళ్లకు దొంగల జాతే.

ఆ హాజరు వేసిన గుమాస్తాలు దుర్మార్గులని నేననుకోను. సాయంత్రం ఇంటికి పోయి పిల్లల్ని ఎత్తుకుని ముద్దాడినవాళ్లే. అన్యాయం ఒకసారి రిజిస్టరుకెక్కితే మరి అన్యాయంగా కనిపించదు, రోజువారీ పనైపోతుంది. అటుపైన ఇంట్లో మాటవుతుంది. మా నాయనమ్మ ఎరుకలసానిని అరుగుమీద కూర్చోబెట్టి సోదె చెప్పించుకునేది, చాటెడు బియ్యం పోసేది. ఆమె వీధి మలుపు తిరగ్గానే చెంబులు లెక్కపెట్టేది. ఒక్క చెంబూ ఏనాడూ పోలేదు. లెక్కపెట్టడమూ ఏనాడూ మానలేదు. అల్లరి చేస్తే మమ్మల్ని బెదిరించడానికి ఆవిడ నోట వచ్చే మాట "స్టూవర్టుపురం దొంగ".

నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్యగారి వంటివారు ఆ చట్టం పోవాలని ఏళ్ల తరబడి పాటుపడ్డారు. మద్రాసు రాష్ట్రంలో 1947లోనూ, దేశమంతటా 1952 ఆగస్టు 31నా అది రద్దయింది. ఆ కబురు నా చేతికి మాత్రం ఇంకా అందలేదు!

బుట్ట ఒకటి కొన్నాను. బండివేళ దగ్గరపడ్డాక నీళ్లకోసం లేచి, "అవ్వా, కాస్త పెట్టె చూస్తుండు" అన్నాను. పెద్దమనిషి విస్తుపోయాడు.

"పొయ్యిరా నాయనా" అంది ఆవిడ.

తిరిగి వచ్చేటప్పుడు నా నడక కొంచెం తొందరపడింది. ఆ మాట మీ దగ్గర దాచను.