పొట్లం మీద ముద్ర

ఆకలిగొన్నవారికి ఆహారం పెట్టడం పుణ్యకార్యమని మన పెద్దలు చెబుతారు. అయితే ఎదుటివారు ఏమి తింటారో తెలుసుకోవడం ఎంత అవసరమో, ఏమి తినరో తెలుసుకోవడమూ అంతే అవసరం. ఈ సత్యం నాకు బోధపడింది ఏ విందులోనూ కాదు; స్వదేశానికి వేల మైళ్ళ దూరంలో, ఒక సినిమాహాలులో చిరుతిళ్ళ కౌంటరు వెనుక నిలబడినప్పుడు.

2003లో ఉన్నత విద్య కోసం నేను అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రానికి వెళ్ళాను. తరగతులు జరిగే రోజుల్లో విదేశీ విద్యార్థులు విశ్వవిద్యాలయ ప్రాంగణంలో వారానికి 20 గంటలకు మించకుండా పనిచేసుకోవచ్చు. ప్రాంగణంలోని చిన్న సినిమాహాలులో నాకు పని దొరికింది. పాప్‌కార్న్ వేయించడం, శీతల పానీయాలు అందించడం, చిల్లర లెక్కపెట్టడం నా విధులు. ఊరివారు కూడా అక్కడికి సినిమా చూడటానికి వచ్చేవారు. వారిలో యూదు కుటుంబాలు అనేకం.

శుక్రవారం సూర్యాస్తమయం నుండి శనివారం రాత్రి చుక్కలు పొడిచేవరకు యూదులకు సబ్బాతు, అంటే విశ్రాంతి దినం. నిష్ఠాపరులు ఆ సమయంలో వాహనమెక్కరు, డబ్బు ముట్టరు. అందువల్ల వారు శనివారం రాత్రి చివరి ఆటకు వచ్చేవారు.

నేను పనిలో చేరిన మొదటి వారంలోనే, అటువంటి ఒక రాత్రి, తలపై చిన్న గుండ్రని టోపీ ధరించిన ఒక తండ్రి, ఎనిమిదేళ్ళ కొడుకుతో వచ్చాడు. పాప్‌కార్న్ చూపి, “ఇది కోషరేనా?” అని అడిగాడు. ఆ మాట నేను అదివరకు వినలేదు. శాకాహారమా అని అడుగుతున్నాడనుకున్నాను. వెనుక వరుస పెరుగుతోంది. “అవునండీ, మాంసం లేదు, నిశ్చింతగా తినవచ్చు” అన్నాను. పిల్లవాడు సంతోషంగా సంచి అందుకున్నాడు.

నాతో పనిచేసే సీనియర్ విద్యార్థిని యూదు కుటుంబానికి చెందినది. ఆమె నన్ను పక్కకు పిలిచింది. “గింజల సంచిమీద ముద్ర ఉంది. నూనె డబ్బామీద లేదు. పైగా పాప్‌కార్న్ గిన్నెను హాట్‌డాగుల పళ్ళేలతో, పటకార్లతో కలిపి ఒకే తొట్టిలో కడుగుతున్నాం. దానిని కోషర్ అని ఎలా చెప్పావు?” అని అడిగింది.

ఆ క్షణంలో నాకు మా అమ్మమ్మ జ్ఞాపకం వచ్చింది. రాజమండ్రిలో మా అమ్మమ్మ మడి కట్టుకుని వంట చేసేది. మడి గిన్నెలను మేము తాకకూడదు. నాకు పదేళ్ళ వయస్సులో, నా పుట్టినరోజున బేకరీ నుండి తెచ్చిన కేకు ముక్కను ఆమె నోటికి అందించాను. “ఇందులో గుడ్డు లేదు కదా?” అని ఆమె అడిగితే, “లేదు అమ్మమ్మా” అన్నాను. నిజానికి బేకరీలో నేను ఆ విషయం అడగనేలేదు. సాయంత్రం మామయ్య నవ్వుతూ అసలు సంగతి బయటపెట్టాడు. అమ్మమ్మ నన్ను కోప్పడలేదు. “తెలియనప్పుడు తెలియదని చెప్పవచ్చు కదరా నాయనా!” అని మాత్రం అన్నది. ఆ రాత్రి ఆమె భోజనం చేయలేదు.

నేను టార్చిలైటు తీసుకుని చీకటి హాలులోకి వెళ్ళాను. సినిమా మొదలై పది నిమిషాలైంది. ఆ తండ్రి పక్కన మోకాళ్ళపై కూర్చుని జరిగిన పొరపాటు చెప్పాను. పిల్లవాడు అప్పటికే పిడికెడు తిన్నాడు. తండ్రి ఒక్క క్షణం మౌనంగా ఉండి, సంచి మూతి మడిచి నా చేతికిచ్చి, “వచ్చి చెప్పావు, సంతోషం” అన్నాడు. అతడు కోపగించి ఉంటే నా మనస్సు కొంత తేలికపడేదేమో!

తరువాత ఆ సీనియర్ విద్యార్థిని వద్ద చాలా విషయాలు నేర్చుకున్నాను. కోషర్ అంటే యూదుల ధర్మశాస్త్రం ప్రకారం తినదగినది. గిట్టలు చీలి, నెమరువేసే జంతువుల మాంసమే వారికి సమ్మతం. అదైనా శాస్త్రోక్తంగా వధించినదై ఉండాలి. చేపలకు రెక్కలు, పొలుసులు రెండూ ఉండాలి. మేకపిల్లను దాని తల్లి పాలలో ఉడికించరాదన్న వాక్యాన్ని అనుసరించి, మాంసాన్నీ పాల పదార్థాలనూ కలిపి తినరు. వాటి పాత్రలను కూడా వేరుగా ఉంచుతారు. మన ఇళ్ళలోని మడి గిన్నెలు చూసిన నాకు ఇది వింతగా తోచలేదు.

పదార్థం పేరును బట్టి తీర్పు చెప్పలేమని కూడా తెలుసుకున్నాను. మెత్తని మిఠాయిలలో కలిపే జెలటిన్‌ను జంతువుల చర్మం, ఎముకల నుండి తీస్తారు. 1935లో అట్లాంటా నగరంలోని మతగురువు రబ్బీ తోబియాస్ గెఫెన్ కోకాకోలాను పరిశీలించినప్పుడు, అందులో పశువుల కొవ్వు నుండి తీసిన గ్లిజరిన్ ఉన్నట్లు తేలింది. కంపెనీ దానికి బదులు వృక్షసంబంధమైన గ్లిజరిన్ వాడిన తరువాతనే ఆయన ఆ పానీయానికి సమ్మతి తెలిపాడు.

మేనేజరు అనుమతితో కౌంటరులో ఒక అర కోషర్ చిరుతిళ్ళకు కేటాయించాం. కర్మాగారంలో మూసివేసి, ముద్ర వేసిన పొట్లాలనే అందులో ఉంచాం. వృత్తంలో ‘యు’ అనే అక్షరం ఉంటే ఆర్థడాక్స్ యూనియన్ అనే సంస్థ ధ్రువీకరించినట్లు. పక్కన ‘డి’ ఉంటే పాల సంబంధమైనదని అర్థం. ఉత్సాహంతో నేను పాల చాక్లెట్లే అధికంగా తెప్పించాను. అవి అమ్ముడుపోలేదు. కారణం విచారిస్తే, చాలామంది రాత్రి భోజనంలో మాంసం తిని వస్తున్నారని, ఆ తరువాత కొన్ని గంటలు, కొందరు ఆరు గంటలు, పాల పదార్థాలు ముట్టరని తెలిసింది. పాలుగాని, మాంసంగాని లేని ‘పార్వే’ రకాలు తెప్పించిన తరువాతనే ఆ అర ఖాళీ కాసాగింది. వసంతకాలంలో వచ్చే పాస్‌ఓవర్ పండుగ దినాల్లో మరొక నియమం ఉంది. తూర్పు ఐరోపా సంప్రదాయానికి చెందిన యూదులు అప్పుడు మొక్కజొన్న కూడా తినరు. ముద్ర ఉన్న పాప్‌కార్న్ పొట్లమైనా ఆ రోజుల్లో వారికి పనికిరాదు.

అర పక్కన ఒక చిన్న బోర్డు పెట్టాను: “ముద్ర ఉన్న పొట్లాలు కోషర్. ఇక్కడ వేయించే పాప్‌కార్న్‌కు ధ్రువీకరణ లేదు.” రెండవ వాక్యం వ్యాపారానికి నష్టమని మేనేజరు సందేహించాడు. కాని మొదటి వాక్యాన్ని జనం నమ్మింది రెండవ వాక్యం వల్లనే.

కొన్ని వారాల తరువాత ఆ తండ్రీకొడుకులు మళ్ళీ వచ్చారు. పిల్లవాడు బోర్డు చదివి, ఒక పొట్లం తీసి, తిప్పి ముద్ర వెదికాడు. కనిపించగానే నావైపు చూసి నవ్వాడు. పాప్‌కార్న్ గురించి అడగలేదు.

మన దేశంలోనూ ఆహారపు పొట్లాలమీద శాకాహారాన్ని సూచించే ఆకుపచ్చ చుక్క ఉంటోంది. అయినా అన్ని ప్రశ్నలకూ ముద్రలు సమాధానం చెప్పలేవు. ఇటీవల హైదరాబాదులోని ఒక సినిమాహాలులో ఒక పెద్దావిడ, “ఇందులో వెల్లుల్లి ఉందా నాయనా?” అని కౌంటరులోని కుర్రవాణ్ణి అడిగింది. వరుసలో చాలామంది వేచి ఉన్నారు. ఆ కుర్రవాడు, “తెలియదమ్మా, ఉండండి, చూసి చెబుతాను” అంటూ పొట్లం వెనక్కి తిప్పి చదవసాగాడు. వరుసలో ఆమె వెనుకనే నిలబడి ఉన్న నాకు మా అమ్మమ్మ మాట వినిపించినట్లయింది.