చీకటి కోసం గుట్టెక్కిన టెలిస్కోపు

మాఘమాసం రాత్రి. స్టేషన్ ఘన్‌పూర్‌లో ఏ డాబా మీదికైనా ఎక్కి తల పైకెత్తండి... నడినెత్తిన పిల్లలకోడి, ఆ పక్కనే వరసగా గొర్రుకొయ్యలు కనిపిస్తాయి. 'అదిగో, ఆ మూడూ గొర్రుకొయ్యలురా' అని తాత చూపిస్తుంటే మనవడు వేలితో లెక్కపెడుతుంటాడు. అదే మనవడు పొద్దుగూకాక సికింద్రాబాద్ రైలెక్కాడనుకోండి. దాదాపు 110 కిలోమీటర్ల దారి. భువనగిరి దాటి ఘట్‌కేసర్ వచ్చేసరికి కిటికీలోంచి చుక్కలు ఒక్కొక్కటే మాయమైపోతాయి. నగరం దీపాలు వాటిని మింగేస్తాయి మరి!

ఈ వెలుగు బెడద పడలేకే, అర్ధశతాబ్దం క్రితం ఓ పెద్ద టెలిస్కోపును హైదరాబాద్‌కు దూరంగా తీసుకెళ్లి గుట్ట మీద నిలబెట్టారు. అదే ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జాపాల్-రంగాపూర్ వేధశాల.

నవాబు గారి ముచ్చట

కథ 1901లో మొదలైంది. నిజాం కొలువులోని నవాబ్ జఫర్ జంగ్‌కు నక్షత్రాలంటే మక్కువ. 15 అంగుళాల టెలిస్కోపును తెప్పించి హైదరాబాద్‌లోని ఫిసల్ బండ దగ్గర వేధశాల పెట్టారు. 1907లో ఆయన కన్నుమూశాక ప్రభుత్వం దాన్ని స్వీకరించింది. వేధశాల బేగంపేటకు మారింది. 1919లో ఉస్మానియా చేతికొచ్చింది.

ఆకాశం మొత్తాన్నీ ఫొటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారుచేయాలని 1887లో పారిస్‌లో నిర్ణయించారు. ప్రపంచంలోని వేధశాలలు ఆకాశాన్ని వాటాలు వేసుకున్నాయి. చిలీలోని శాంటియాగో పూర్తిచేయలేకపోయిన వాటా హైదరాబాద్‌కు దక్కింది. గాజుపలకల మీద ఫొటోలు తీయడం, చుక్క చుక్కనూ సూక్ష్మదర్శినిలో చూసి దాని చోటును కొలిచి రాసుకోవడం... కంప్యూటర్లు లేని ఆ రోజుల్లో ఏళ్ల తరబడి ఇదే పని. అలా మనవాళ్లు లెక్కతేల్చిన నక్షత్రాలు 7.6 లక్షలకు పైనే!

రెండూళ్ల నడుమ

ఊరు పెరిగింది. బేగంపేట చుట్టూ ఇళ్లు, దీపాలు. మసక చుక్కలను పట్టుకోవాలంటే చిక్కటి చీకటి కావాలి. నాగార్జునసాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం దాటాక జాపాల్, రంగాపూర్ ఊళ్ల దగ్గర అలాంటి చోటు దొరికింది. అమెరికాలో తయారైన 48 అంగుళాల టెలిస్కోపు 1968లో అక్కడికి చేరింది. నాలుగడుగుల అద్దం! నవాబు గారి టెలిస్కోపుకన్నా పదిరెట్లు ఎక్కువ వెలుగును పోగుచేయగలదు. అప్పట్లో దేశంలో అంతకన్నా పెద్దది లేదు.

ఆచార్య కె.డి.అభ్యంకర్ సారథ్యంలో విద్యార్థులు ఇక్కడే పరిశోధనలో ఓనమాలు దిద్దుకున్నారు. ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే జంట నక్షత్రాలు వాళ్లకు ఇష్టమైన పాఠం. ఒకటి రెండోదానికి అడ్డొచ్చినప్పుడు వెలుగు తగ్గుతుంది. ఆ తగ్గుదలను కొలిచి, నక్షత్రాల పరిమాణం, బరువు లెక్కకట్టే పనిలో దోహదం పొందేవారు.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం. చాలా ఊళ్లలో జనం తలుపులు బిడాయించుకుని కూర్చుంటే, ఈ గుట్ట మీద మాత్రం దేశవిదేశాల శాస్త్రవేత్తలు పరికరాలతో బారులు తీరారు. పట్టపగలు కమ్ముకున్న ఆ రెండు నిమిషాల చీకటి కోసమే అంతదూరం వచ్చారు!

వెలుగు వెంటపడింది

చీకటి కోసం ఇంతదూరం వచ్చినా నగరం ఊరుకోలేదు. దీపాలు సాగర్ రోడ్డు పట్టుకుని నెమ్మదిగా ఇటే వచ్చాయి. దేశంలో అంతకన్నా పెద్ద టెలిస్కోపులూ వచ్చాయి. తమిళనాడులోని కావలూరులో 1986లో 93 అంగుళాలది ప్రారంభమైంది. రంగాపూర్ గుట్ట మీద మునుపటి సందడి తగ్గింది. బేగంపేటలోనైతే పాత వేధశాల ప్రాంగణంలో ఇప్పుడు ఆర్థిక, సామాజిక అధ్యయనాల సంస్థ నడుస్తోంది.

మరి చీకటిని కాపాడుకోలేమా? లద్దాఖ్‌లోని హాన్లే చేసి చూపిస్తోంది. సముద్రమట్టానికి 4,500 మీటర్ల ఎత్తున ఉన్న అక్కడి టెలిస్కోపును బెంగళూరు దగ్గరి హోస్కోటె నుంచే నడిపిస్తారు. చుట్టుపక్కల ప్రాంతాన్ని 2022లో చీకటి ఆకాశ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఊళ్లో దీపాల వెలుగు పైకి పోకుండా చూసుకుంటున్నారు. స్థానిక యువతే చిన్న టెలిస్కోపులతో పర్యాటకులకు ఆకాశం చూపిస్తూ నాలుగు రాళ్లు సంపాదించుకుంటోంది. అక్కడ చీకటే ఊరికి ఆస్తి.

రంగాపూర్ వెళ్లాలనుకుంటే, అది విశ్వవిద్యాలయ ఆవరణ కాబట్టి ముందుగా ఉస్మానియా ఖగోళశాస్త్ర విభాగాన్ని సంప్రదించి బయల్దేరడం మంచిది. వెళ్లలేకపోయినా ఫర్వాలేదు. ఈసారి సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు డాబా మీద దీపం ఆర్పేసి, పావుగంట ఆగి, పిల్లలకోడిలో చుక్కలెన్నో పిల్లలతో లెక్కపెట్టించండి. ఆరు కనిపిస్తే మీ ఊళ్లో చీకటి ఇంకా పదిలంగానే ఉన్నట్టు. తర్వాత నగరంలోని మీ డాబా మీదా లెక్కపెట్టమనండి. తేడా ఏంటో పిల్లలే చెబుతారు!