రుఖాల సంచీ

ఎండాకాలం సెలవులు. వరంగల్ ఎండకు పిల్లల్ని బయటికి పోనియ్యలేం. మా బేటీకి కాగితాలు కత్తిరించి బొమ్మలు అతికించే షౌఖ్ పట్టుకుంది. పాత పేపర్లు, అగర్బత్తి డబ్బాలు ఖతమ్ అయ్యాక అమ్మీ సందూఖ్ మీద కన్నుపడింది. అందులో సంచీ నిండా షాదీ రుఖాలు. ఎక్కువ మండీబజార్ చుట్టాలవి.

కత్తెర పెట్టబోతుంటే అమ్మీ గాబరాగా వచ్చింది. "ఠైరో బేటా! బిస్మిల్లా ఉంటది దాని మీద. ముక్కలు కాళ్ల కింద పడితే బేఅదబీ గాదా?"

బేటీకి ఉర్దూ రాదు. నేను తెలుగు మీడియం. ఖురాన్ చదువుతాను గానీ జేర్ జబర్ లేని రుఖా కొరుకుడుపడదు. అమ్మీయే అద్దాలు పెట్టుకుని ఒక్కోటి చదివింది. దుల్హన్ ఎవరి బిడ్డ, వలీమాలో ఏం వండారు, అన్నీ చెప్పింది. అబ్దుల్లా పేరు దగ్గర ఆగి, "ఇందులో కూడా అల్లా పేరుంది" అని పక్కన పెట్టింది. చివరికి కత్తిరించడానికి హాషియాలే మిగిలాయి. పూలతీగలు, బంగారు గీతలు.

ఈ పని మనకు కొత్తేం కాదు. పాదుషాల కాలంలో ఖత్తాతీ ముక్కలు, తస్వీర్లు అతికించి, చుట్టూ హాషియా వేసి కట్టిన ఆల్బమ్‌ని మురఖ్ఖా అన్నారు. ఆ అరబీ మాటకు అతుకులు వేసినదని అర్థం. 17వ శతాబ్దంలో మన దక్కన్‌లోనే, బీజాపూర్‌లో, నీళ్ల మీద రంగులు తేల్చి కాగితానికి ఎక్కించే అబ్రీతో గుర్రాల బొమ్మలు చేశారు. ఒకసారి వచ్చిన అబ్రీ మళ్లీ అట్లాగే రాదు.

మోనోప్రింట్ కూడా అంతే. మర్నాడు అదీ చేశాం. ఫోటోఫ్రేము అద్దం మీద పోస్టర్ కలర్ పల్చగా పూయాలి. తొందరగా ఆరకుండా రెండు చుక్కల గ్లిజరిన్ కలపాలి. మెహందీ కొమ్మ పరిచి, కాగితం వేసి, చెంచా వెనకతో రుద్దాలి. మొదటి ప్రింట్‌లో ఆకులు తెల్లగా మిగులుతాయి. కొమ్మ తీసేసి రెండోది తీస్తే ఈనెలు కనబడతాయి. మూడోదానికి రంగే ఉండదు.

బేటీ అద్దం మీది రంగును ఇయర్‌బడ్‌తో తుడుస్తూ, అమ్మీ చెప్పినట్టు నూన్, అలిఫ్, నూన్, యే రాసింది. కాగితం మీద 'నానీ' తిరగబడి వచ్చింది. సీదాగా రావాలంటే ఉర్దూని తెలుగులాగా ఎడమ నుంచి రాయాలి, అక్షరాలు కూడా తిప్పి. నాలుగోసారికి కుదిరింది. అప్పటికి ఆ అక్షరాలూ వచ్చేశాయి.

రుఖాల నడుమ భాగాలు మళ్లీ సందూఖ్‌లోకి పోయాయి. ఈసారి ఒక్కోదాని వెనక, ఎవరి షాదీయో తెలుగులో పెన్సిల్‌తో రాశాం. మీ ఇంట్లోనూ ఇట్లాంటి సంచీ ఉంటే, చదివి చెప్పే పెద్దలు ఉన్నప్పుడే విప్పండి.