బంగారం బరువుకు బయటపడ్డ చప్పుడు

మీ ఇంట్లో కొత్తగా కారు నడిపే కుర్రాడున్నాడా? అయితే వంటల పేజీకి వెళ్లేముందు ఒక్క ఐదు నిమిషాలు నా మాట వినండి.

మాది హన్మకొండ. మావాడికి ఉద్యోగం వస్తే నిలువెత్తు బంగారం ఇస్తానని మా అత్తమ్మ సమ్మక్క తల్లికి మొక్కుకుంది. మేడారంలో బంగారమంటే బెల్లమని మన వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు కదా. వాణ్ణి తూకం వేస్తే 68 కిలోలు. 2024 ఫిబ్రవరి జాతర రద్దీకి ముందే మొక్కు తీర్చుకుందామని జనవరిలో ఒక ఆదివారం బయల్దేరాం. డిక్కీలో బెల్లం, సీట్లలో ఐదుగురం. అంటే లెక్కకు మావాడు రెండుసార్లు బండెక్కినట్టే!

ఊరు దాటాక మొదటి గుంతలోనే వెనక నుంచి గర్రుమని చప్పుడు.

"ఏందిరా ఆ సప్పుడు?" అంది అత్తమ్మ.

"ఏం లేదు నానమ్మా, రోడ్డు మంచిగ లేదు" అన్నాడు వీడు.

ఆత్మకూరు దాటేసరికి రబ్బరు కాలిన వాసన. ములుగులో ఆపించి దిగి చూద్దును కదా, వెనక టైరు అంచు చుట్టూ కత్తితో చెక్కినట్టు చార! చక్రం పైనున్న రేకు అంచుకు రాసుకుని అలా అయింది. అప్పుడు బయటపెట్టాడు. బండి నేలకు అంటుకున్నట్టుంటే అందమని వెనక స్ప్రింగులు ఒక్కో చుట్టు కోయించాడట. వెడల్పు టైర్లు, అల్లాయ్ చక్రాలు వేయించిన సంగతి నాకు తెలుసు. తెలియడమేమిటి, చీటీ డబ్బుల్లోంచి పదివేలు సర్దిందీ, "బాగుందిరా" అన్నదీ నేనే. ఇంక ఎవర్ని తిట్టను?

ట్రాలీ ఆటో మాట్లాడి బెల్లం అందులోకి ఎక్కించాం. బరువు తగ్గగానే చప్పుడు ఆగింది. మెల్లగా నడిపించుకుంటూ మొక్కు తీర్చుకుని వచ్చాం.

మర్నాడు ఆటోనగర్‌లో ఒక పెద్దాయన టైరు మీది అంకెలు చదివి చెప్పాడు. కంపెనీ ఇచ్చింది 165/80 ఆర్14. అంటే వెడల్పు 165 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 80 శాతం, చక్రం 14 అంగుళాలు. మావాడు వేయించింది 205/65 ఆర్15. కాగితం మీద లెక్క వేస్తే వెడల్పు 40 మిల్లీమీటర్లు, మొత్తం ఎత్తు దాదాపు 28 మిల్లీమీటర్లు ఎక్కువ. చిన్న గూట్లో పెద్ద బిందె పెట్టి, పైగా గూటి కప్పు కిందికి దించినట్టన్నమాట. ఒక్కడే నడుపుకుంటే తెలియదు. ఇంటిల్లిపాదీ ఎక్కితేనే తెలుస్తుంది.

మీ బండి సంగతి మీరే చూసుకోవచ్చు. టైరు రెండు అంచులకూ సుద్దముక్క దట్టంగా రుద్దండి. అందర్నీ ఎక్కించి, స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పిస్తూ, ఒక స్పీడ్ బ్రేకర్ మెల్లగా దాటించండి. తర్వాత సుద్ద ఎక్కడ చెరిగిందో, లోపల ఎక్కడ అంటిందో చూడండి. బయట రేకుకు తగిలితే ఒక కారణం, లోపలి వైపు తగిలితే వేరే కారణం. ఇది తేలకుండా చక్రం వెనక స్పేసర్ బిళ్లలు వేయిస్తే చక్రం ఇంకా బయటికొచ్చి రేకుకు మరీ రాసుకుంటుంది.

మాకు కొందరు రేకు అంచు లోపలికి మడిపించమన్నారు. పెయింటు పగిలితే అక్కడే తుప్పు. స్ప్రింగుల మధ్య రబ్బరు బఫర్లు పెట్టమన్నారు ఇంకొందరు. కోసిన స్ప్రింగు తన చోట సరిగా కూర్చోదు, ఎగిరితే పక్కకు జారొచ్చు. దానికి రబ్బరు పెట్టి ఏం లాభం? టైరు సంగతి ఇంకా భయం. రాసుకుని రాసుకుని లోపలి దారాలు తేలితే పరుగులోనే పేలిపోతుంది.

చివరకు వెనక స్ప్రింగులు రెండూ కొత్తవి, కంపెనీ కొలత టైర్లు, చక్రాలు వేయించి అలైన్‌మెంట్ చూపించాం. కంపెనీ కొలతలకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టంలో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా ఉంది, ఆరు నెలల దాకా జైలు కూడా. ఈ మాట చెబితే గానీ మావాడి నోరు మూతపడలేదు.

అల్లాయ్ చక్రాలు సగం ధరకు పోయాయి. నా పదివేలు ఇంకా రాలేదు. అత్తమ్మ మాత్రం ఇప్పటికీ గుంత వచ్చిందంటే చాలు, "ఆగురా, మాట్లాడకు" అని చెవి వెనక్కి పెట్టి వింటుంది.