చేజారిన ఒక్క బంతి

మనిషి జీవితాన్ని కొలవడానికి లోకం ఎత్తుకునే కొలబద్ద అన్నివేళలా న్యాయమైనది కాదు. 1974 ఏప్రిల్ 5న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, వెంచురా పట్టణంలో ఫ్రెడ్ స్నాడ్‌గ్రాస్ అనే 86 ఏళ్ల వృద్ధుడు కన్నుమూశారు. ఆయన తోటలు పెంచిన రైతు, గృహోపకరణాల వ్యాపారం నడిపిన వ్యక్తి, ఆక్స్‌నార్డ్ నగరానికి మేయరుగా సేవచేసిన పౌరుడు. అయినా న్యూయార్క్ టైమ్స్ పత్రిక మరణవార్త శీర్షికలో వీటిలో ఒక్కదానికీ చోటు దక్కలేదు. 1912లో ఒక బంతిని జారవిడిచిన బేస్‌బాల్ ఆటగాడు మరణించాడన్నదే ఆ శీర్షిక సారాంశం. ఆరు దశాబ్దాలు గడిచినా ఆ బంతి ఆయనను వదలలేదు.

బేస్‌బాల్ మనకు అంతగా పరిచయం లేని ఆట. క్రికెట్ తెలిసినవారికి మాత్రం అర్థం కావడం కష్టం కాదు. బౌలరు స్థానంలో పిచర్ ఉంటాడు. బ్యాటు పట్టినవాడు బంతిని కొట్టి, మూడు బేస్‌లను వరుసగా తాకి, తిరిగి బయలుదేరిన చోటికి చేరితే ఒక పరుగు. ముగ్గురు అవుటయితే ఆ జట్టు వంతు ముగుస్తుంది. ఇలా ఇరుజట్లకూ తొమ్మిదేసి వంతులు. అప్పటికీ సమానమైతే పదవ వంతు. మైదానం లోతట్టున నిలిచి, ఎత్తుగా వచ్చే బంతులను అందుకొనే ముగ్గురిని ఔట్‌ఫీల్డర్లంటారు. మన బౌండరీ ఫీల్డర్ల వంటివారన్నమాట. స్నాడ్‌గ్రాస్ వారిలో ఒకరు.

1887లో వెంచురాలో జన్మించిన ఆయన 1908లో న్యూయార్క్ జెయింట్స్ జట్టులో చేరారు. క్యాచరుగా, అంటే మన వికెట్ కీపరు వంటి స్థానంలో, ప్రవేశించిన ఈ యువకుణ్ణి మేనేజరు జాన్ మెక్‌గ్రా ఔట్‌ఫీల్డుకు మార్చారు. 1910లో ఆయన బ్యాటింగు సగటు .321. ఆ ఆటలో .300 దాటినవాణ్ణి మేటి బ్యాటరుగా గౌరవిస్తారు. 1911, 1912, 1913 సంవత్సరాలలో వరుసగా మూడుసార్లు ఆ జట్టు ప్రపంచ సిరీస్‌కు చేరింది. మూడింటిలోనూ ఆయన ఆడారు. 1915లో బోస్టన్ బ్రేవ్స్‌కు మారి, 1916తో ప్రధాన లీగుల ఆట విరమించారు. తొమ్మిది సీజన్ల నికరమైన కృషి అది.

ఇక 1912 అక్టోబరు 16. బోస్టన్ నగరంలో ఆ ఏడాదే ప్రారంభమైన ఫెన్‌వే పార్కు మైదానం. బోస్టన్ రెడ్‌సాక్స్‌తో సిరీస్ నిర్ణాయక పోటీ. తొమ్మిది వంతులు ముగిసేసరికి ఒకటికి ఒకటి. పదవ వంతులో జెయింట్స్ ఒక పరుగు తీసి ఆధిక్యం పొందారు. బోస్టన్ వంతు వచ్చింది. మొదటి బ్యాటరు ఎంగిల్ కొట్టిన బంతి తేలికగా లేచి స్నాడ్‌గ్రాస్ వైపు వచ్చింది. చేతిలో పడిన బంతి జారిపోయింది. ఎంగిల్ రెండవ బేస్ చేరాడు.

లోకానికి కథ ఇక్కడితో ముగిసింది. వాస్తవంలో ఇక్కడ మొదలైంది. వెనువెంటనే హూపర్ బలంగా కొట్టిన బంతిని, బహు కష్టసాధ్యమైనదాన్ని, అదే స్నాడ్‌గ్రాస్ పరుగెత్తి అద్భుతంగా అందుకున్నారు. తరువాత పిచర్ మ్యాథ్యూసన్, ఎంతటి మేటి అయినా, యెర్కిస్‌కు ఉచితంగా మొదటి బేస్ ఇచ్చుకున్నారు. ఆపై స్పీకర్ కొట్టిన బంతి మొదటి బేస్ సమీపంలో గాలిలోకి లేచింది. ముగ్గురు ఆటగాళ్లు దరిదాపుల్లోనే ఉన్నా అది ఎవరి చేతిలోనూ పడక నేలను తాకింది. బతికిపోయిన స్పీకర్ తరువాతి బంతులలో ఒకదాన్ని గట్టిగా కొట్టి స్కోరు సమం చేశాడు. చివరకు గార్డనర్ కొట్టిన బంతి క్యాచ్ అయినా, ఆ వ్యవధిలో మూడవ బేస్ నుండి యెర్కిస్ పరుగెత్తి వచ్చాడు. బోస్టన్ 3, న్యూయార్క్ 2.

ఇన్ని మెట్లున్న పతనానికి పత్రికలు ఒక్క మెట్టునే కారణంగా చూపాయి. గెలిచిన జట్టుకూ ఓడిన జట్టుకూ దక్కే సొమ్ములో తేడా సుమారు 30,000 డాలర్లు కావడంతో, ఆ పొరపాటుకు ముప్పై వేల డాలర్ల తప్పిదమని పేరు పెట్టాయి.

ఇంజనీరుగా నాకు ఈ కథ కొత్తది కాదు. యంత్రం ఆగిపోయిన ప్రతిసారీ మనం వేసే మొదటి ప్రశ్న ‘ఎవరు?’ అన్నదే. ‘ఏ వరుసలో?’ అన్న ప్రశ్న ఆలస్యంగా వస్తుంది, ఒక్కొక్కప్పుడు రానేరాదు. ఉద్యోగంలో చేరిన తొలి రోజులలో ఒక కర్మాగారంలో నేనెరిగిన ఫోర్‌మన్ ఒకాయన ఉండేవారు. ఒక రాత్రి పంపు మార్చే వేళ వాల్వు తెరవడం ఆలస్యమై యూనిట్ ట్రిప్ అయింది. అలారం అంతకుముందు వారం నుండే సరిగా మోగడం లేదన్న సంగతి నివేదికలో చివరి పేరాకు పరిమితమైంది. ఆయన పేరు మాత్రం ఆ రాత్రితో ముడిపడిపోయింది. తుపాను రోజులలో మూడు పగళ్లూ మూడు రాత్రులూ ఇంటికి వెళ్లక బాయిలరును కాపాడిన మనిషి కూడా ఆయనే. పదవీ విరమణ సభలో ఒక వక్త ఆ ట్రిప్పునే సరదాగా గుర్తుచేశారు. సభ నవ్వింది. ముందు వరుసలో కూర్చున్న ఆయన భార్య తలవంచుకున్నారు. తుపాను సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఈ విషయంలో జాన్ మెక్‌గ్రా నుండి నేర్చుకోదగినది ఎంతో ఉంది. ఆటగాళ్లపట్ల ఆయన కఠినుడని ప్రసిద్ధి. అయినా ఆ బంతికి స్నాడ్‌గ్రాస్‌ను తప్పుపట్టలేదు సరికదా, మరుసటి ఏడాది జీతం పెంచారు. ఆ ఏడాదీ స్నాడ్‌గ్రాస్ జట్టులోనే ఉన్నారు. జట్టు మళ్లీ ప్రపంచ సిరీస్‌కు చేరింది. పత్రికలు చూసింది ఒక్క బంతిని. మేనేజరు చూసింది సీజన్ మొత్తాన్ని.

ఇందువల్ల పొరపాటును కప్పిపుచ్చాలని నా భావం కాదు. బంతి జారింది నిజం; లెక్కలో అది చేరవలసిందే. భద్రత విషయంలో మనవంటి సంస్థలకు ఉపేక్ష తగదు. అయితే లెక్క పూర్తిగా ఉండాలి. జారిన బంతితో పాటు, ఆ తరువాత పట్టిన బంతి కూడా అందులో ఉండాలి. ముగ్గురి మధ్య నేలపాలైన బంతికి ఒక్కరి పేరు ఉండదు గనుక, అది జ్ఞాపకాలలో నుండి ఇట్టే జారిపోతుంది. విచారణ సంఘాలు శ్రద్ధగా వెదకవలసినది అటువంటి బంతుల కోసమే.

మన సహోద్యోగులలో, మన ఇళ్లలో స్నాడ్‌గ్రాస్‌లు లేకపోలేదు. పరీక్షలో ఒకసారి తప్పిన పిల్లవాడు, ఏనాడో ఒక మాట తూలిన తమ్ముడు, ఒక రాత్రి ఆలస్యంగా వాల్వు తెరిచిన ఫోర్‌మన్. వారిని తలచుకొనేటప్పుడు, హూపర్ కొట్టిన ఆ బంతి ఎవరి చేతిలో పడిందో ఒక్క క్షణం గుర్తుచేసుకుందాం.