ఒక చతురస్రము, ఒక చప్పుడు

ఆట రక్తి కట్టునో కట్టదో తేల్చుకొనుటకై ముందుగా కట్టెడి ప్రోటోటైప్‌ను ఏ బొమ్మలతో, ఏ చప్పుళ్ళతో నింపవలెనన్న ప్రశ్న, గేమ్ నిర్మింపబూనిన ప్రతి యువకునకును మొదటి వారముననే యెదురగును. అనుభవజ్ఞులు సాధారణముగా చెప్పెడి సమాధానము, బొమ్మలకు బదులు రంగుపెట్టెలు పెట్టి, ధ్వనిని కడపటికి వదలివేయుమనియే. ఇందులో మొదటి సగము నాకు సమ్మతము. రెండవ సగము ఎంతమాత్రమును కాదు.

1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ టెట్రిస్‌ను రచించినపుడు, ఆయనకు లభించిన ఎలెక్ట్రానికా 60 యంత్రమునకు బొమ్మలు గీయు శక్తియే లేకుండుటచే, అక్షరములు మాత్రమే చూపగల ఆ తెరపై బ్రాకెట్లను జతజతగా పేర్చి ముక్కలను నిలిపెను. ముక్క యాకారము, అది తిరుగుట, క్రిందికి జారుట, ఈ మూడును కంటికి అందినవి గనుక ఆటకు లోటు కలుగలేదు. అంతకు మూడేండ్లు ముందు డాంకీ కాంగ్ ఆటలో షిగెరు మియామోతో తన నాయకునికి టోపీ తొడిగినది జుట్టు గీయుట దుష్కరమగుటచేతను, మీసము పెట్టినది అంత కొద్ది పిక్సెళ్ళలో నోరు తీర్చుట సాధ్యము కానందునను. చేతులాడుట స్పష్టముగా తెలియుటకై చొక్కాకును పైతొడుగునకును వేర్వేరు రంగులిచ్చెను. పిమ్మట మారియోయని లోకమెల్ల ఎరిగిన రూపమిదియే.

కావున బొమ్మల ప్రణాళిక యనగా అందమును గూర్చిన ఆలోచన కాదు. తోటలో రాలిపడు పండ్లను బుట్టతో పట్టుకొనుచు, నడుమ పడెడి రాళ్ళను తప్పించుకొను బాలుని ఆటను నేను తలపెట్టితిననుకొనుడు. తెర వెలిగిన మరుక్షణము ఆడువానికి, నేనెవరిని, పట్టవలసినదేది, తప్పుకొనవలసినదేది యన్నవి చెప్పకయే తెలియవలెను. బాలుడు చతురస్రము, పండు వృత్తము, రాయి త్రికోణము: ఇంతే చాలును. పండు ఎఱుపు, రాయి ఆకుపచ్చ యని రంగునే నమ్ముకొన్నచో, ఆ రెంటి భేదము గుర్తింపలేని కన్నులు కలవారు ఆ తోటలో అడుగు పెట్టలేరు. తెరను నలుపుతెలుపులలోనికి మార్చి ఒక్కసారి చూచినయెడల దోషము వెంటనే బయటపడును. పండును రాయియు ఒకే బూడిద వన్నెలో కనబడినచో, ఒకదానిని కాంతిమంతము చేసి వేరొకదానిని నల్లబరచవలెను.

ఇక ధ్వని మాట. కన్ను తెరపై ఉన్నదానిని చూచును. జరిగినదానిని ధ్రువపరచునది చెవి. పండు బుట్టలో పడిన క్షణమున టప్పుమనని ఆటలో, పట్టితినో లేదో తెలియక ఆడువాని చూపు మాటిమాటికి పాయింట్ల వైపు పరుగెత్తును. అట్టి మూగ ప్రోటోటైప్‌ను ఆడి చూచి, ఆలోచనయే నీరసమైనదని తలచి మంచి ఆటను పారవేయువారున్నారు. నాకు బాధ కలిగించునది ఇదియే.

1972లో పాంగ్ ఆటను నిర్మించిన అలన్ ఆల్కార్న్‌ను ఆయన యజమాని నోలన్ బుష్నెల్ జనసమూహపు హర్షధ్వానములు వినిపింపుమని కోరగా, అంతటి ధ్వనిని పుట్టించు సాధనము లేని ఆల్కార్న్, తెరపై చిత్రమును నిలుపుటకై యంత్రములో అదివరకే యున్న సర్క్యూట్‌లో వెదకి, దొరికిన స్వరములనే బంతి తగులు వేళలకు అమర్చెను. ఆ పొడి చప్పుడే లోకమునకు పాంగ్ అయినది. 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్‌లో నాలుగే మంద్రస్వరములు మరల మరల దిగివచ్చుచుండును. 55 శత్రువులలో ఒక్కొక్కరే నశించిన కొలదియు యంత్రమునకు భారము తగ్గి మిగిలినవారు వేగిరపడుదురు. రూపకర్త తొమొహిరో నిషికాదో ఆ వేగమును సవరింపక అట్లే యుంచెను. స్వరములును వారితోపాటు వేగిరపడును, ఆడువాని గుండెయు వానిననుసరించును.

అందుచేత బొమ్మల పట్టిక ప్రక్కనే చప్పుళ్ళ పట్టికయు వ్రాయవలెను, అదియును క్రియలతో: పట్టుట, తగులుట, ఓడుట. పండునకు టప్పు, రాతికి ధణాలు, ఓటమికి దిగజారు మూడు స్వరములు. నోటితో పలికి ఫోనులో రికార్డు చేసినను తప్పులేదు. 2007లో టోమస్ పెటర్సన్ లుడమ్ డేర్ అను గేమ్ నిర్మాణపు పోటీలో పాల్గొనువారికై చేసిన ఎస్‌ఎఫ్‌ఎక్స్‌ఆర్ అను ఉచిత సాధనములోని మీటలకు ఎగురుట, పేలుట, నాణెము దొరకుట యని సంఘటనల పేర్లే యుండును. మీట నొక్కిన ప్రతిసారియు క్రొత్త చప్పుడు పుట్టును. రికార్డు చేసినదానిని ఎడిటర్‌లో తెరచి, ముందున్న మౌనమును తప్పక కత్తిరింపవలెను. సెకనుకు 60 ఫ్రేములు నడచు ఆటలో పదవ వంతు సెకను మౌనమనగా 6 ఫ్రేముల ఆలస్యము. ఆడువాడు దానిని చెవితో పట్టలేకున్నను, ఆట బద్ధకముగా నున్నదని మాత్రము తప్పక అనును. ఎంపీ3గా దాచినచో మొదట కొంత మౌనము తనంతట చేరును గనుక, చిన్న చప్పుళ్ళకు వేవ్ ఫైలే మేలు. ఒకే టప్పు నూరు పర్యాయములు విన్న చెవి విసుగు చెందకుండుటకై, ప్రతిసారియు స్థాయిని ఇంచుక హెచ్చించుటయో తగ్గించుటయో చేయవలెను. నేపథ్యసంగీతము ప్రోటోటైప్‌నకు అక్కరలేదు.

తరువాత చిత్రకారుడు వచ్చి చతురస్రము స్థానమున బాలుని నిలుపునపుడు, వాని జుట్టు గాలికి ఎంత యెగిరినను, రాయి తగులుటను లెక్కించెడి హద్దు మాత్రము ఆ పాత చతురస్రముగనే యుండవలెను. ఫైళ్ళ పేర్లు మార్చక, బొమ్మనుగాని చప్పుడునుగాని ఒక్కొక్కటిగా మార్చుచు, మార్చిన ప్రతిసారియు ఆడి చూచి, మునుపటికంటె ఆట బరువుగా తోచినచో పాత ఫైలునే తిరిగి పెట్టుటకు వెనుదీయరాదు.