వనమునకు వెడలిన వంటిల్లు

మన పండుగలలో ఇంటిలోపల జరుగునవియే హెచ్చు. తోరణము గుమ్మమునకు, ముగ్గు వాకిటికి, పిండివంట వంటింటికి కట్టుబడి యుండును. ఇంటికి తాళము వైచి, ముసలివారు మొదలు పసివారి వఱకు అందఱును చెట్లనీడకు పోవలెనని పెద్దలు విధించిన వేడుకలు తక్కువ. అట్టివానిలో కార్తికమాసపు వనభోజనము మాకు మిక్కిలి ప్రియమైనది.

ఉసిరికచెట్టు క్రింద విష్ణుమూర్తిని పూజించి, అచ్చటనే బంధుమిత్రులతో గూడి భుజించిన పుణ్యము గలదని చెప్పుదురు. తుపాను కరుణించి రాకున్నయెడల, ఆ నెలలో వానలు వెనుకబట్టును, ఎండ మెత్తబడును, చలి యింకను ముదురదు. చెట్టుక్రింద గూర్చుండుటకు అంతకంటె మంచి కాలము లేదు. ఈ యాచారమును గల్పించినవారు ఋతువుల నెఱిగినవారే. వండువారిని మాత్రము వారంతగా నెఱిగినట్లు మాకు తోచదు.

కార్తికమున సోమవారములు, ఏకాదశి, ద్వాదశి, పూర్ణిమ ప్రశస్తములని పంచాంగము చెప్పును. కార్యాలయములకును పాఠశాలలకును ఆదివారమొక్కటే ప్రశస్తము. కావున వనభోజనము ఆదివారము నాడే నిశ్చయమగును. ఇందొక చిక్కు గలదు. ఆదివారమున ఉసిరిక తినరాదని అనేక కుటుంబములలో నిషేధము. అందుచేత మనము ఉసిరికచెట్టునకు ప్రదక్షిణము చేసి, దాని మొదట దీపము పెట్టి, దాని నీడను విస్తళ్లు పఱచి, ఉసిరికపచ్చడి మాత్రము లేకుండ భోజనము ముగింతుము. కాయలు తలపై వ్రేలాడుచుండగా పిల్లలు పైకి జూతురు. బామ్మగారు పిల్లలను జూతురు. పిల్లలు మరల విస్తరిని జూతురు.

ఈ యాదివారపు సెలవు ఆకాశమునుండి రాలిపడినది కాదు. బొంబాయి మిల్లులలో పనివారు వారమునందలి యేడు దినములును యంత్రముల ముందు నిలుచుచుండగా, నారాయణ మేఘాజీ లోఖండే వారిని గూడగట్టి, అర్జీలపై అర్జీలు పెట్టి, 1890లో మిల్లు యజమానులచేత వారమున కొకదినము విశ్రాంతి నొప్పించెను. నాటి సభలో స్త్రీ కార్మికులును లేచి మాట్లాడిరి. ఆ విధముగ ఆదివారమున మిల్లు ఆగినది. మన పొయ్యి మాత్రము ఆగలేదు. పైపెచ్చు, అందఱు నింటనుండు దినము గనుక ఒక పిండివంట హెచ్చినది.

ఇక ప్రయాణసన్నాహము. శనివారము రాత్రి యజమానులు మిక్కిలి దయతో, “రేపు వంట అనీ గింట అనీ శ్రమపడకండి. ఊరికే పులిహోర కలుపుకొని పోదాము” అందురు. ఈ ‘ఊరికే’ యను మాటలో నెంత పని యిమిడియున్నదో చింతపండు నానవేసినవారే యెఱుగుదురు. అది యంతతో నాగునా? అత్తగారు, “నైవేద్యానికి పరమాన్నం లేకపోతే ఎట్లాగమ్మా?” అందురు. మామగారికి ప్రయాణములో దద్దోజనము తప్ప మఱేదియు వంటబట్టదు. పిల్లలకు గారెలు. పుట్టింటికి వచ్చిన ఆడపడుచునకు కంద బచ్చలికూర. కూర యున్నప్పుడు ముద్దపప్పు, పప్పున్నప్పుడు చారు. ‘ఊరికే’ లోనుండి తెల్లవారుసరికి ఏడు గిన్నెలు పుట్టును. గారెలు అక్కడనే వేడిగా వేయవలెనట గనుక చిన్న గ్యాసుపొయ్యియు, బాణలియు, చట్రమును గూడ బయలుదేఱును. వీనికి తోడు చాపలు, నీళ్లబిందె, విస్తళ్లు, పూజాద్రవ్యములు, బామ్మగారి మందులు, పసిదానికి మాఱుబట్టలు. ఇన్ని సర్దిన పిమ్మట, “అగ్గిపెట్టె వేసితివా?” యని యడుగువారు మాత్రము నలుగురుందురు.

ఎనిమిది గంటలకు ప్రయాణమన్న, పదిన్నరకు కారు కదలును. ఈ యాలస్యమునకు స్త్రీల యలంకారమే కారణమని లోకప్రసిద్ధి. పురుషుడు చొక్కా తొడిగికొన్న క్షణముననే కారులో గూర్చుండి హారను మ్రోగించుటచే ఈ ప్రసిద్ధి కలిగినది. ఆ సమయమున లోపల నేమి జరుగుచున్నది? పాలగిన్నె ఫ్రిజ్జులో బెట్టుట, దేవునిదీపము చూచుట, పెరటితలుపు గడియవేయుట, పిల్లవాని రెండవ చెప్పును మంచము క్రిందనుండి తీయుట. చీర కట్టుకొనుటకు మిగిలినది అయిదు నిమిషములు. ఆ యయిదు నిమిషములకే హారను మ్రోగును. వీధి మలుపు తిరిగిన పిదప, “గ్యాసు కట్టేశావా?” యను ప్రశ్న పుట్టును. కట్టినట్లు తెలిసియు మరల వెనుకకు వచ్చి చూడనిదే యేకుటుంబమును వనము చేరినట్లు మే మెఱుగము.

గోదావరిసీమవారు కడియము పూలతోటలకును, విశాఖవారు కంబాలకొండకును, తక్కినవారు తమతమ యూళ్ల మామిడితోటలకును చేరుదురు. చేరగనే పురుషులు, “ఆహా, ఏమి గాలి!” యని చాపలు పఱచి పేకముక్కలు తీయుదురు. ఆ గాలియే పొయ్యి నార్పుచుండును. నలుగురు స్త్రీలు చీరచెఱగులు అడ్డుపెట్టి మంట కాపాడుదురు. కట్టెల పొయ్యి యైనచో పొగ తోట యంతయు విడిచి వండువారి కన్నులనే వెదకికొని వచ్చును. నడుమ ఫొటో తీయువా రొకరు, “అందఱును నవ్వండి” యని కేకవేయుదురు. ఆ ఫొటోలలో వంటచేసినవారి చేయి గరిటెతో సహా అంచున కనబడుచుండును, ముఖము పడదు.

మొదటి పంక్తి పిల్లలకు, రెండవది పురుషులకు. మూడవ పంక్తి వచ్చుసరికి గారెల పళ్లెములో చిల్లులు మాత్రమే మిగులును. “మీరూ కూర్చోవలసినది కదా!” యని, తాంబూలము నములుచు, అందఱును ప్రేమతోనే యందురు.

ఇల్లు విడిచి వచ్చితిమనుకొనుచు మన మిల్లును మోసికొని వచ్చుచున్నా మనుటకు మఱియొక నిదర్శనము గలదు. ఇటీవల పట్టణములలో కులసంఘములవారు ఎవరికి వారు వేఱువేఱు తోటలలో వనభోజనములు జరుపుచున్నారు. ఇంటి గోడలు చాలక తోటకును గోడలు కట్టినట్లున్నది. ఉసిరికచెట్టు నీడ పఱచునపుడు ఎవరి నేమియు నడుగదు. దానిని పూజించి వచ్చుచు ఈ యొక్క గుణమును దానియొద్దనే విడిచి వచ్చుచున్నాము.

తిరుగుప్రయాణమునకు రాహుకాల మడ్డము వచ్చును. ఆదివారమున నది సాయంకాలము నాలుగున్నర మొదలు ఆఱు వఱకు. నాలుగింటికి బయలుదేఱుదమన్న గిన్నెలు తోమినవి కావు. ఆఱింటికన్న దోమలు మనకంటె ముందుగా విందునకు గూర్చుండును. పేక ముగియనివారికి మాత్ర మా దినమున రాహువుపై నెన్నడును లేని భక్తి కుదురును.

ఇంతకును వనభోజనము మానవలెనని మా యభిప్రాయము కాదు. పిల్లలు చెట్టెక్కినపుడు, ముసలివారు తమ చిన్ననాటి తోటలను దలచికొన్నపుడు, ఆ ఎండమరకల నీడలో మాకును ప్రాణము లేచివచ్చును. దాని కొఱకే ఏటేట ఆ యేడు గిన్నెలను మోయుచున్నాము. మేము కోరునది యొక్కటే: సెలవు అందఱిది గనుక పనియు నందఱిది కావలెను.

“వంట మగవారి కేమి తెలియును?” అందురేమో. మన భాషలో రుచికరమైన వంటను నలభీమపాక మందురు. నలుడును భీముడును పురుషులే. విరాటుని కొలువున వంటవాడై భీము డొక యేడాది గడపెను. పెండ్లిలో వేయిమందికి వండువారును మగవారే. వేయిమందికి వండగల చేతులు ఇరువదిమందికి వండలేవా? మే మెఱిగిన కొన్ని కుటుంబములలో ఒక్కొక్క యింటివారు ఒక్కొక్క వంటకము తెచ్చుటయు, అక్కడి వంటను, వడ్డనను పురుషులు చేయుటయు, ఇంటివంట చేసినవారిని మొదటి పంక్తిలో గూర్చుండబెట్టుటయు నియమముగ బెట్టుకొన్నారు. మొదటియేట చారులో ఉప్పు రెండుమాఱులు పడినదట. ఎవరును వంక పెట్టలేదు. ఎదుట గరిటె పట్టుకొని నిలుచున్న బాబాయిగారి చెమటను జూచి అందఱును మాఱడిగి పోయించుకొనిరట.

సోదరీమణులారా! ఆ తోటలో మనతోడ పిల్లలును ఉందురు. ఆడపిల్ల మనచేతి గరిటెను, మగపిల్లవాడు తండ్రిచేతి పేకను చూచుచు, సెలవన నేమో నేర్చుకొనుచుందురు. రానున్న కార్తికమున ‘ఊరికే పులిహోర’ యను మాట వినబడగనే, నవ్వుచు చింతపండు పొట్లమును ఆ మాట యన్నవారి చేతికే యియ్యుడు. గింజలు తీసి నానవేయుట కష్టమైన పని కాదు. ప్రక్కన నిలుచుండి చెప్పుటకు మన ముండనే యున్నాము.